పెద్దల చేతికి అందే ఆరోగ్య యాప్

షోలాపూర్ తూర్పు భాగపు పేటల్లో బీడీలు చుట్టి సంసారాన్ని గట్టెక్కించిన ఒక అవ్వను ఊహించుకోవచ్చు. వయసు డెబ్బై దాటింది. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మనవడే బీపీ కొలిచి తన ఫోనులోని యాప్‌లో నమోదు చేసేవాడు. అతడు ఉద్యోగానికి పుణె వెళ్లడంతో నమోదు ఆగిపోయింది. పాత అంకెలు కూడా అతని ఫోనుతోనే వెళ్లాయి. "నెల రోజులుగా బీపీ ఎంత ఉంటోందమ్మా?" అని దవాఖానాలో వైద్యుడు అడిగితే ఆమె వద్ద సమాధానం లేదు.

ఈ లోటు చిన్నది కాదు. రక్తపోటు రోజంతా ఒకే తీరుగా ఉండదు. వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు 140/90 గాని, అంతకన్నా ఎక్కువ గాని కనిపిస్తే దానిని అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. మందు మోతాదును నిర్ణయించే వైద్యుడికి ఒక్కనాటి అంకె కన్నా వరుసగా ఉన్న లెక్కే ఎక్కువ ఉపయోగపడుతుంది. కనుక ఆ లెక్కను పెద్దలు స్వయంగా నడుపుకోగలిగేలా యాప్‌ను రూపొందించడం అవసరం.

మాట ఒకటి, లిపి ఒకటి

తరతరాలుగా తెలుగు రాష్ట్రాలకు వెలుపల స్థిరపడిన కుటుంబాల్లో ఇంటి మాట తెలుగు. బడిలో నేర్చిన అక్షరాలు మాత్రం షోలాపూర్‌లో మరాఠీవి, బళ్లారిలో కన్నడానివి, హోసూరులో తమిళానివి, బరంపురంలో ఒడియావి కావచ్చు. యాప్ మొదట్లోనే ఒకే ఒక్క భాషను ఎంచుకోమంటే ఇటువంటి పెద్దలు ఇబ్బంది పడతారు. తెలుగును ఎంచుకుంటే తెర చదవలేరు. మరాఠీని ఎంచుకుంటే మనసుకు దగ్గరైన మాట వినిపించదు. వినిపించే భాషనూ, కనిపించే లిపినీ విడివిడిగా ఎంచుకునే వీలు ఉండాలి. అక్షరాలే రానివారికి బొమ్మలు, అంకెలు, మాట చాలాలి. ఆ మాట కూడా ఇంటి మాటే కావాలి. బీపీ యంత్రంపై కనిపించే రెండు అంకెలను "పై అంకె, కింది అంకె" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

కన్ను, వేలు

వయసుతో పాటు కంటి కటకం పసుపుబారుతుంది. నీలం, ఆకుపచ్చ ఛాయల తేడా మసకబారుతుంది. అందుకే అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలనీ, అక్షరాలను రెట్టింపు పరిమాణానికి పెంచినా సమాచారం చెదరకూడదనీ అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తెలుగుకు మరొక జాగ్రత్త కావాలి. మన లిపిలో వత్తులు అక్షరం కిందకు దిగుతాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరుసల మధ్య ఎడం ఇస్తే పెద్దది చేసినప్పుడు వత్తులు తెగిపోతాయి. అప్పుడు "రాత్రి మాత్ర" కాస్తా "రాతి మాత" అవుతుంది.

మీటల వెడల్పు, ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు; వాటి మధ్య ఎడం ఉండాలి. వయసుతో ఎండిన చర్మాన్ని తెర కొన్నిసార్లు గుర్తించదు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. కాబట్టి యాప్ తెరవడానికి వేలిముద్ర ఒక్కటే మార్గం కారాదు. కళ్లద్దాలు వెతికి తెచ్చుకునేలోగా తెర దానంతట అదే మూసుకుపోకూడదు.

తప్పును పట్టే తీరు

చేతి వణుకుతో 135 కాస్తా 35గా పడవచ్చు. రెండు అంకెలూ తారుమారు కావచ్చు. కింది అంకె పై అంకెను మించదు కనుక ఆ తప్పును యాప్ వెంటనే పట్టగలదు. భద్రపరచే ముందు "పై అంకె 135, కింది అంకె 85. సరేనా?" అని చదివి వినిపించాలి. అంకె హెచ్చుగా ఉంటే ఎరుపు రంగు చూపి ఊరుకోకుండా, కాసేపు కూర్చుని మళ్లీ కొలవమని నెమ్మదిగా చెప్పాలి. మాత్రను పెంచమని గాని, మానమని గాని యాప్ చెప్పరాదు. అది వైద్యుని పని.

సమ్మతి ఎవరిది?

ఆరోగ్య వివరాలు ఆ వ్యక్తి సొంతం. కొడుకో కోడలో చూడవచ్చునా లేదా అన్నది పెద్దలే నిర్ణయించాలి; ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కూడా సులువుగా ఉండాలి. సమ్మతి కోరే పాఠాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలో గాని పొందే వీలు ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. మహారాష్ట్రలో నివసించినా, తమిళనాడులో నివసించినా ఆ నిబంధన మారదు.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష

యాప్‌ను ఎంచుకునే ముందు కుటుంబ సభ్యులు ఫోనును పెద్దల చేతికిచ్చి, పక్కన మౌనంగా కూర్చోవాలి. ఒక అంకె నమోదు చేయడం, నిన్నటి అంకె చూడడం, తప్పుగా పడినదాన్ని దిద్దడం అనే మూడు పనులూ వారు స్వయంగా చేయగలిగితే ఆ యాప్ వారికి తగినది. చేయలేకపోతే లోపం యాప్‌దే, పెద్దలది కాదు. అటువంటప్పుడు తేదీ, వేళ, పై అంకె, కింది అంకె రాసిన చిన్న నోటుపుస్తకమే మేలు.

ఛాతీలో నొప్పి, మాట తడబడడం, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడం వంటివి కనిపిస్తే యాప్ కోసం చూడకుండా 108కు ఫోన్ చేయాలి. వయోవృద్ధుల ఇతర సహాయానికి జాతీయ సహాయవాణి సంఖ్య 14567.