సైలెన్సర్ కొనాలంటే పది వేళ్ల ముద్రలు ఎందుకు? వేలిముద్ర ఇస్తే గన్ కొనొచ్చా?

శ్రీరాంపూర్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేసిన. ఇవాళ్టి టాపిక్ వినగానే "మన దగ్గర గన్ షాపులే లేవు, ఈ గోల మనకెందుకు అన్నా" అంటారు. మంచిర్యాల, గోదావరిఖని, కరీంనగర్, ఎక్కడ చూసినా ఎంఎస్ కోసం అమెరికా పోయిన పిల్లలు ఉన్నారు. షూటింగ్ రేంజ్‌లో గన్ పట్టుకున్న రీల్స్ మన ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. అందుకే ఈ విషయం మనకు అవసరం.

టెక్సస్‌లో ఉన్న నా బీటెక్ క్లాస్‌మేట్ మొన్న మెసేజ్ పెట్టిండు. "మామా, ఇక్కడ సైలెన్సర్ కొనాలంటే పది వేళ్ల ముద్రలు అడుగుతున్నరు. మామూలు పిస్టల్‌కు అడుగుతలేరు. ఎట్లాగూ వీసాకు వేళ్లు ఇచ్చినం గదా, పిస్టల్ కొంటే ప్రాబ్లం ఏముంటది?" వాడికి చెప్పిన జవాబే ఈ ఎపిసోడ్. ఒక్క ముక్కలో చెప్పాలంటే, వేలిముద్ర మీరెవరో మాత్రమే చెప్తుంది. మీకు హక్కు ఉందా లేదా అనేది వేరే లెక్క.

ముందు పిస్టల్ సంగతి చూద్దాం. అమెరికాలో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర మామూలు పిస్టల్ గానీ రైఫిల్ గానీ కొనాలంటే ఫారం 4473 నింపాలి. డీలర్ ఐడీ చూస్తాడు. ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే సిస్టంలో, లేదా ఆ రాష్ట్ర పోలీసుల ద్వారా, మీ పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలతో చెక్ జరుగుతుంది. కేంద్ర చట్టం ప్రకారం ఇక్కడ వేలిముద్ర అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం రూల్ వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో గన్ కొనడానికి ముందు ఐడీ కార్డు తీసుకోవాలి, దానికి వేలిముద్రలు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో కొనేటప్పుడు కుడి బొటనవేలి ముద్ర తీసుకుంటారు.

ఇక సైలెన్సర్. దీనికి 1934లో వచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ఉంది. గ్యాంగ్‌స్టర్లు మెషిన్ గన్లతో వీధుల్లో కాల్చుకుంటున్న రోజులవి. మెషిన్ గన్, పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్, 18 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ ఉన్న షాట్‌గన్, సైలెన్సర్, వీటన్నిటినీ కేంద్రం దగ్గర రిజిస్టర్ చేయాలన్నారు. 200 డాలర్ల ట్యాక్స్ పెట్టారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఇప్పుడు ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థ ఈ రిజిస్టర్ చూసుకుంటుంది.

కొనే మనిషి ఫారం 4 పెట్టాలి. దాంతో పాటు ఫోటో, ఎఫ్‌డి-258 అనే ఫింగర్‌ప్రింట్ కార్డులు రెండు. ఆన్‌లైన్‌లో పెడితే వేలిముద్రల ఎలక్ట్రానిక్ ఫైల్ అప్‌లోడ్ చేయొచ్చు. లోకల్ పోలీస్ అధికారికి ఒక కాపీ పంపాలి. అప్రూవల్ వచ్చేదాకా సైలెన్సర్ డీలర్ దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు ట్రస్ట్ పేరు మీద కొంటే ఎవరి వేలిముద్రా అడిగేవాళ్లు కాదు. 2016 జూలై 13 నుంచి ఆ దారి మూసేశారు. ట్రస్ట్‌లో బాధ్యత ఉన్న ప్రతి ఒక్కరూ ఫోటో, వేలిముద్రలు ఇవ్వాల్సిందే.

ఇంకో అప్‌డేట్. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో, 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్‌కు, పొట్టి బ్యారెల్ గన్లకు ట్యాక్స్ సున్నా అయింది. "ట్యాక్స్ పోయింది, ఇక ఫ్రీ" అని షార్ట్స్‌లో చెప్పేవాళ్లను నమ్మకండి. పోయింది డబ్బులే. ఫారం, ఫోటో, వేలిముద్రలు, అప్రూవల్ అన్నీ అట్లనే ఉన్నాయి.

మరి పేరు చాలదా, వేలే ఎందుకు? మన పేర్లే చూడండి. శ్రీకాంత్ రెడ్డిలు ఎంతమంది ఉంటారు? పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద పేరు ముందు "ఎఫ్ఎన్‌యూ" అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని అర్థం. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక. అట్లాంటి డేటాలో పేరుతో వెతికితే పాత కేసు ఉన్నవాడు తప్పించుకోవచ్చు, ఏ తప్పూ చేయనివాడు ఇరుక్కోవచ్చు. పది వేళ్లతో వెతికితే ఆ గందరగోళం చాలావరకు పోతుంది.

ఇక్కడ మన దేశం గర్వపడే ముచ్చట ఒకటుంది. 1897లో కలకత్తాలో ఫింగర్‌ప్రింట్ బ్యూరో పెట్టారు. ఎడ్వర్డ్ హెన్రీ అనే పోలీస్ అధికారి పేరు మీద ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. కానీ లెక్కలు వేసి దాన్ని నిలబెట్టింది అక్కడ పనిచేసిన ఇద్దరు మనవాళ్లు, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ప్రతి వేలి మీద సుడి ఉందా లేదా? రెండే జవాబులు. పది వేళ్లకు రెండుని పదిసార్లు గుణిస్తే 1024. అంటే వేల కార్డులను 1024 అరల్లో సర్దేయొచ్చు. ఏ కార్డు ఏ అరలో ఉందో వేళ్లే చెప్తాయి. కోడింగ్ తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, ఇది కంప్యూటర్ లేని రోజుల్లో హ్యాష్ టేబుల్. కంప్యూటర్లు వచ్చేదాకా ఎఫ్‌బీఐ కూడా ఈ పద్ధతినే మార్చుకుని వాడింది. ఇప్పటికీ కార్డు మీద గడులు కుడి బొటనవేలితో మొదలై ఎడమ చిటికెన వేలితో ముగుస్తాయి.

ఆధార్‌తో దీన్ని కలపకండి. రేషన్ షాపులో వేలు పెడితే మెషిన్ అడిగేది ఒకటే ప్రశ్న, "ఈ నంబర్ మనిషి ఈయనేనా?" అవును, కాదు, అంతే. ఎఫ్‌డి-258 కార్డు వెళ్లాక అడిగేది వేరు, "ఈ వేళ్లు మా నేరాల రికార్డులో ఎక్కడైనా ఉన్నాయా?" అందుకే ఒక్క వేలు చాలదు. పది వేళ్లనూ గోరు అంచు నుంచి అంచు దాకా దొర్లించి ముద్ర తీస్తారు. గీతలు సరిగా పడకపోతే కార్డు వెనక్కి వస్తుంది. మా నాన్న గనిలో పనిచేసి అరిగిన వేళ్లతో రేషన్ మెషిన్ ముందు ఎన్నిసార్లు "పడ్తలేదు, మళ్లీ పెట్టు" అనిపించుకున్నాడో నాకు తెలుసు. అక్కడా అదే సమస్య. కష్టం చేసిన చేతుల గీతలు ఏ స్కానర్‌కూ తొందరగా దొరకవు.

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. ఎఫ్-1 స్టూడెంట్, హెచ్-1బి ఉద్యోగి, డిపెండెంట్, వీళ్లంతా అమెరికా చట్టంలో నాన్ ఇమ్మిగ్రెంట్లు. కేంద్ర చట్టం ప్రకారం వీళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. కొనడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అదే రూల్. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఎక్కువగా వినిపించేది, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణం అవుతుంది. ఫారం 4473లో అబద్ధం టిక్ చేస్తే అది ఇంకో నేరం.

"రేంజ్‌లో కాలిస్తే ఎవరు పట్టించుకుంటరు" అనేవాళ్లకు రెహైఫ్ కేసు చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన యువకుడు చదువులో ఫెయిలయ్యాడు, కాలేజీ తీసేసింది, స్టేటస్ పోయింది. తర్వాత రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. కేసు పడింది, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలి అని చెప్పింది. అంతేగానీ కాల్చడం తప్పు కాదు అనలేదు. ఈ వీడియో చూశాక "నాకు తెలియదు" అనే మాట మీకు ఇక లేదు.

అందుకే నా ఫ్రెండ్‌కు చెప్పిన, పిస్టల్ కౌంటర్‌లో వేలు అడగలేదు అంటే నీకు పర్మిషన్ ఉన్నట్టు కాదు. వీసాకు వేళ్లు ఇచ్చినవ్ అంటే నువ్వెవరో వాళ్లకు ఇంకా బాగా తెలుసు అని.

చట్టం ఒప్పుకున్నా ప్రమాదం పోదు. 2024లో అట్లాంటా ప్రాంతంలో మన తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. ఆ ఇంటివాళ్ల గురించి ఒక్కసారి ఆలోచించండి.

మరి మన దగ్గర? 1959 ఆయుధాల చట్టంలో "తుపాకీ" అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే చప్పుడు తగ్గించే పరికరం కూడా ఉంది. అంటే ఇక్కడా సైలెన్సర్ తుపాకీ కిందే లెక్క. లైసెన్స్‌కు సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. లైసెన్స్ లేకుండా తుపాకీ పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల జైలు. బరాత్‌లో గాల్లోకి కాల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తే, లైసెన్స్ ఉన్నా, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. "ఫ్రెండ్ కట్టా, రీల్ కోసం ఒక్కసారి పట్టుకున్న" అంటే ఆ రీలే సాక్ష్యం అవుతుంది.

చివరగా, అమెరికాలో ఉన్న మీ అన్నకో, అక్కకో, ఫ్రెండ్‌కో ఈ వీడియో పంపండి. ఎవరైనా వీకెండ్ రేంజ్‌కు పిలిస్తే ముందు తమ వీసా స్టేటస్ చూసుకోమనండి. డౌట్ ఉంటే రూమ్‌మేట్‌ను కాదు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగమనండి. మీ ప్రశ్నలు కామెంట్లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి, బై.