తెర వెనుక తాళ్లు... తరాల బంధాలు

నారదుడు మబ్బుల్లోంచి తంబురా మీటుకుంటూ దిగుతాడు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే చాలు, లడ్లు వాటంతటవే ఎగిరొచ్చి పడతాయి. రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. ముందు వరసలో కూర్చున్న బుడతడు కళ్లార్పడం మర్చిపోతాడు. వాణ్ని తీసుకొచ్చిన తాతయ్య వాడికన్నా గట్టిగా చప్పట్లు కొడతాడు. ఆ చప్పట్లన్నీ నారదుడికీ, ఘటోత్కచుడికే. మరి ఊపిరి బిగబట్టి తెర వెనుక తాడు పట్టుకున్న మనిషికో? ఆయన్ని చూసేవాళ్లెవరూ ఉండరు. విచిత్రమేంటంటే... కాసేపటి క్రితం వేదిక మీద పాచికలు దొర్లించిన శకుని ఆయనే కావచ్చు! అదే సురభి. నూట నలభై ఏళ్లుగా తెలుగువాళ్లను మురిపిస్తున్న ఆ నాటకాన్ని ఈసారి ముందు నుంచి కాదు, వెనక నుంచి చూద్దాం రండి.

సాయంత్రం ఆటకు పొద్దుటే పని

ప్రేక్షకులకు నాటకం సాయంత్రం గంట కొట్టాక మొదలవుతుంది. సురభి వాళ్లకు మాత్రం పొద్దుటే మొదలవుతుంది. ముందు పెట్టెలు దిగాలి. కర్రకు చాపల్లా చుట్టిన తెరలు దిగాలి. ఒక తెర మీద రాజదర్బారు, ఇంకోదాని మీద అడవి, మరోదాని మీద ఉద్యానవనం, పూరిల్లు, వీధి... రంగులతో గీసిన ఆ తెరల్ని వరస తప్పకుండా ఒకదాని వెనుక ఒకటి కట్టాలి. దర్బారు లేవగానే అడవి కనపడాలి. వరస తప్పిందా, ద్వారక వీధుల్లో పులులు తిరుగుతాయి!

తర్వాత కప్పీలు బిగించాలి. తీగలు లాగి చూడాలి. మనిషిని మోసే తాడుని ముందుగా బరువు కట్టి పరీక్షించాలి. కిరీటాలు, భుజకీర్తులు, గదలు ఎవరివి వాళ్లకు అందేలా సర్దాలి. ఇవన్నీ ఎవరు చేస్తారు? కూలీలూ ఉండరు, సెట్టింగుల కంపెనీ వాళ్లూ ఉండరు. రాత్రికి కృష్ణుడయ్యే కుర్రాడే ఇప్పుడు నిచ్చెనెక్కి ముడి వేస్తుంటాడు. శశిరేఖ పట్టుచీరకు ఇస్త్రీ చేస్తుంటుంది. ఒకప్పుడు సఫేదా, అర్దళం నూరుకుని ఎవరి మొహానికి వాళ్లే రంగేసుకునేవాళ్లు. రంగు డబ్బాలు మారాయిగానీ ఎవరి అద్దం ముందు వాళ్లు కూర్చునే ఆ అలవాటు మారలేదు.

పెళ్లి పందిట్లో పుట్టింది

సురభి అంటే ఓ ఊరు. కడప జిల్లాలో ఉంది. ఈ కళాకారుల పూర్వీకులు మహారాష్ట్ర నుంచి వలస వచ్చినవాళ్లు. ఇప్పటికీ చాలా ఇళ్లలో మాట్లాడుకునేది ఆరె మరాఠీ. వేదికెక్కితే మాత్రం నోటి నుంచి వచ్చేది గుక్కతిప్పుకోని తెలుగు పద్యం! వాళ్ల పాత వృత్తి తోలుబొమ్మలాట. 1885లో సురభి గ్రామంలో ఓ పెళ్లి జరిగింది. ఆ సందడిలో, ఎప్పుడూ ఆడించే బొమ్మల్ని పక్కనపెట్టి మనుషులే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. వనారస గోవిందరావు లాంటివాళ్లు దానికి ఆద్యులు. జనానికి నచ్చింది. మళ్లీ ఆడమన్నారు. అలా ఊరి పేరే నాటకం పేరైంది, నాటకం పేరే ఇంటి పేరంత గట్టిగా అతుక్కుపోయింది.

తోలుబొమ్మలాటలో ఆడేది బొమ్మే అయినా, ఆడించేది తెర వెనకున్న చెయ్యి. పాటా ఆ మనిషిదే, మాటా ఆ మనిషిదే. ఇంటిల్లిపాదీ కలిస్తేనే ఆట. భర్త రాముడి బొమ్మ పట్టుకుంటే భార్య సీతకు గొంతిస్తుంది. పిల్లలు తాళం వేస్తారు. నాటకంలోకి వచ్చినా సురభి వాళ్లు ఆ పద్ధతి వదల్లేదు. బొమ్మలు పోయి మనుషులొచ్చారు, చేతులు మాత్రం అవే!

ఆడవేషం ఆడవాళ్లదే

ఇంటిల్లిపాదీ ఆడే నాటకం కాబట్టే సురభిలో మరో ముచ్చట సాధ్యమైంది. అప్పట్లో తెలుగు రంగస్థలం మీద ఆడపాత్రలంటే మగవాళ్లే వేయాలి. స్థానం నరసింహారావు చీరకట్టి వేదికెక్కితే స్త్రీలే నివ్వెరపోయేవారన్నది అందరికీ తెలిసిన సంగతే. సంసార స్త్రీ నాటకాలాడటం తప్పనుకునే ఆ రోజుల్లో సురభి ఆడపడుచులు దర్జాగా ద్రౌపదులయ్యారు, చంద్రమతులయ్యారు. పక్కన భర్తో, అన్నో, మామగారో వేషంలో ఉంటే ఇక భయమెందుకు?

అలా వచ్చిన నటే సురభి కమలాబాయి. తల్లి వేదిక మీద నటిస్తుండగానే నొప్పులొచ్చి ఆమెను ప్రసవించిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆమే. అంటే తెలుగు వెండితెర మీద మొట్టమొదట మాట్లాడిన కథానాయిక సురభి డేరాలోంచే వెళ్లిందన్నమాట. ఆ సినిమాయే తర్వాత సురభికి గట్టి పోటీ అయింది. అది వేరే కథ.

లడ్డు ఎలా ఎగిరింది?

‘మాయాబజార్‌’ చూసిన ప్రతి పిల్లాడూ ఇంటికెళ్తూ అడిగే ప్రశ్న ఇదే. దీని వెనక పెద్ద యంత్రాలేం లేవు. సన్నటి దారాలు, నల్లటి తీగలు, కప్పీలు, వెనక చీకటి రంగు తెర, సమయానికి తగ్గే దీపం వెలుగు... అంతే సరంజామా. దారం అందరి కళ్ల ముందే ఉంటుంది. కానీ చూసేవాళ్ల చూపు ఘటోత్కచుడి నోటి మీద ఉంటుంది. ఆ చూపుని అక్కడ నిలబెట్టడం నటుడి పని. అదే క్షణంలో దారం లాగడం వెనకున్నవాళ్ల పని. ఒక్క రెప్పపాటు తేడా వచ్చినా లడ్డు ముక్కుకు తగులుతుంది, అద్భుతం కాస్తా హాస్యమైపోతుంది!

లడ్డు సంగతి సరే, మనిషిని గాల్లో నడిపించడం మాటేంటి? నారదుడు పైనుంచి దిగేటప్పుడు ఆయన ప్రాణం అక్షరాలా మరొకరి చేతిలో ఉంటుంది. కిందికి చూడకూడదు. భయం మొహంలో కనపడకూడదు. నవ్వాలి, పాడాలి, తంబురా మీటాలి. తాడు పట్టుకున్నాయనకు నారదుడు కనపడొచ్చు, కనపడకపోవచ్చు. హార్మోనియం మీద ఏ స్వరం దగ్గర తాడు వదలాలో, తబలా ఏ దెబ్బ దగ్గర ఆపాలో ఆయనకు తెలుసు. దానికి రాతప్రతి లేదు. చిన్నప్పటి నుంచీ చెవిలో పడిన లెక్క అది. తాడు కొసన తమ్ముడో, బాబాయో ఉన్నాడన్న ధీమా ఉంటే ఎంత ఎత్తునుంచైనా నవ్వుతూ దిగొచ్చు. సురభి అసలు మాయ ఆ ధీమాయే.

డేరాయే ఇల్లు... వేదికే బడి

ఒకప్పుడు సురభి కంపెనీ ఊళ్లోకి దిగిందంటే నెలల తరబడి తిరణాళ్లే. రేకులతో, తాటాకులతో పెద్ద పాక లేచేది. నేల, బెంచీ, కుర్చీ... జేబుని బట్టి టిక్కెట్టు. ఇవాళ ‘మాయాబజార్‌’, రేపు ‘బాలనాగమ్మ’, ఎల్లుండి ‘బ్రహ్మంగారి చరిత్ర’. రోజుకో నాటకం కావడంతో ఊరి జనం రోజూ వచ్చేవారు. వేదిక వెనకే డేరాల్లో కాపురాలు. అక్కడే పొయ్యి, అక్కడే ఊయల.

ఆ ఊయల్లో బిడ్డకు నెలలు నిండకముందే మొదటి వేషం సిద్ధం. దేవకి ఒడిలో చిన్నికృష్ణుడిగా పడుకోవడమే! నడకొస్తే లోహితాస్యుడు, మాటలొస్తే ప్రహ్లాదుడు, కాస్త పొడవైతే లవుడో కుశుడో. మీసం వచ్చాక అర్జునుడు, జుట్టు నెరిశాక ధర్మరాజు. ఒకరికి జ్వరమొస్తే ఆ పాత్ర మరొకరు వేయాల్సిందే కాబట్టి అందరికీ అన్ని పాత్రలూ నోటికి రావాలి. తెర గీయడం, తాడు కట్టడం, తల్లి వేషంలో ఉంటే చెల్లిని ఎత్తుకోవడం... అవీ చదువులో భాగమే. బడి చదువు మాత్రం ఊరూరికీ తెగిపోయేది. కంపెనీ కదిలిన ప్రతిసారీ పలక సర్దుకోవాల్సిందే.

ఊళ్లు తగ్గాయి... ఒక ఊరు దొరికింది

సినిమాహాళ్లొచ్చాయి. ఆ తర్వాత టీవీలొచ్చాయి. పాక వేసుకోవడానికి ఖాళీ జాగాలు తగ్గాయి. నెలలపాటు ఆడిన ఊళ్లో వారం ఆడటం కష్టమైంది. పెళ్లిళ్లతో, పంపకాలతో కొమ్మలు కొమ్మలుగా విస్తరించిన సురభి కంపెనీలు ఒక్కొక్కటిగా మూతపడి, చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

అలా మిగిలినవాటిలో బాగా పేరున్నది రేకందార్‌ చిన వెంకట్రావు 1937లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి. ఆయన కుమారుడు నాగేశ్వరరావును నాటకలోకం అంతా బాబ్జీ అనే పిలిచింది. డేరాల్లో తిరిగిన కుటుంబాలకు హైదరాబాద్‌ శేరిలింగంపల్లిలో సురభి కాలనీ నీడైంది. నగరంలోని లలిత కళాతోరణంలో మొదలుకొని ఎన్నో వేదికల మీద ఆయన నాటకాన్ని నిలబెట్టారు. 1990లలో ప్రఖ్యాత దర్శకుడు బి.వి.కారంత్‌ వచ్చి సురభి వాళ్లతో పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెక్ట్‌ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ అలా వచ్చినవే. పురాణాలు తప్ప ఆడలేరన్నవాళ్లకు అవే జవాబు. 2013లో బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే సురభి ఫ్రాన్స్‌ వెళ్లి ‘మాయాబజార్‌’ ఆడింది. భాష తెలియనివాళ్లు కూడా లడ్డు ఎగిరితే చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయారు.

2020లో కరోనా వచ్చి హాళ్లన్నింటికీ తాళాలు పడ్డాయి. రోజు ఆట మీద బతికే కుటుంబాలకు అది కోలుకోలేని దెబ్బ. ఆ కష్టం నుంచి తేరుకుంటుండగానే 2022 జూన్‌లో బాబ్జీ కన్నుమూశారు.

అద్దెకు దొరకని చెయ్యి

ఇప్పుడు సురభి ముందున్నది చాలా మామూలు ప్రశ్న. మన ఇళ్లలో రోజూ వినపడేదే. పిల్లలు ఏమవ్వాలి?

కాలనీలో స్థిరపడ్డాక పిల్లలకు బడి దొరికింది. తాతలకు దక్కని చదువు మనవలకు దక్కింది. చదువు వచ్చాక ఉద్యోగం వస్తుంది. ఉద్యోగమంటే నెల తిరిగేసరికి జీతం. నాటకంలో ఆట ఉన్నరోజే డబ్బు. బిడ్డ సుఖంగా ఉండాలని కోరుకునే ఏ తల్లి అయినా ఏది ఎంచుకుంటుంది? వెళ్లినవాళ్లను తప్పు పట్టే హక్కు మనకెవరికీ లేదు. మన పిల్లల్ని మనం నాటకాలకు పంపుతున్నామా?

కానీ ఒక్క విషయం ఆలోచించాలి. వేరే నాటక సమాజంలో ఒక నటుడు మానేస్తే ఇంకో నటుణ్ని తెచ్చుకోవచ్చు. సురభిలో ఒక కుర్రాడు ఉద్యోగానికి వెళ్తే అర్జునుడితో పాటు తెరలు కట్టే మనిషీ, తాడు పట్టే చెయ్యీ, రేపు ఇంకో పిల్లాడికి పద్యం నేర్పాల్సిన గురువూ వెళ్లిపోయినట్టే. అర్జునుణ్ని అద్దెకు తెచ్చుకోవచ్చేమో. నారదుడు కళ్లు మూసుకుని నమ్మే చేతిని ఏ ఊరి నుంచి అద్దెకు తేవాలి? ఇన్నేళ్లు సురభిని నిలబెట్టిన కుటుంబ బంధమే ఇప్పుడు దాని బలహీనత కూడా అయింది.

అయినా నాటకం ఆగలేదు. పగలు ఉద్యోగం, సాయంత్రం వేషం అన్నట్టు రెండు పడవల మీదా కాళ్లు వేసేవాళ్లున్నారు. సెలవు రోజు ఆట ఉంటే ఇంటిల్లిపాదీ మళ్లీ పెట్టెల చుట్టూ చేరతారు. వాళ్లకు కావాల్సింది సన్మానాలూ శాలువాలే అయితే అవి ఇప్పటికే చాలా దొరికాయి. నిండిన కుర్చీలే దొరకడం లేదు. ప్రభుత్వ సాయం, పండగ ప్రదర్శనలు కొంత ఆసరా. కానీ డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని వచ్చే కుటుంబం ఇచ్చే ధైర్యం వేరు. ఈ వృత్తిలో ఉంటే రేపు కూడా బువ్వ దొరుకుతుందని సురభి పిల్లాడికి నమ్మకం కలిగించేది ఆ టిక్కెట్టే.

అందుకే మీ ఊళ్లో ఎప్పుడైనా సురభి ఆట ఉందని తెలిస్తే పిల్లల్ని తీసుకెళ్లండి. లడ్డు ఎగిరినప్పుడు వాళ్ల మొహాలు చూడండి. ఆట అయ్యాక వీలైతే ఓ రెండు నిమిషాలు ఆగండి. కిరీటం తీసేసిన రాజుగారు, చెమట తుడుచుకుంటూ తాడు ముడి విప్పుతూ కనపడతారు. ఈసారి చప్పట్లు అప్పుడు కొట్టండి!