క్రొత్త కారా? సొంత కారా?

నడిగడ్డ సీమయందును, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందును ఇప్పుడొక ప్రశ్న పెక్కిండ్లలో వినవచ్చుచున్నది. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకముల నీరు చేలకు చేరినపిమ్మట, ఒకప్పుడు కూలికై దేశములు పట్టిన పాలమూరు పల్లెలలో ధాన్యపు రాసులు కనబడుచున్నవి. రాసి వెనుక కారు వచ్చుట సహజము. కారు కొనరాదని మేము చెప్పబోము. అర్ధరాత్రమున రోగిని కర్నూలికో హైదరాబాదుకో చేర్పవలసిన కుటుంబమునకు అది విలాసవస్తువు గాదు. కాని చేతనున్న నాలుగు లక్షలతో పాతకారు కొని తనదిగా నుంచుకొనుటయా, లేక అందులో సగము ముందుగా చెల్లించి, ఎనిమిది లక్షల యప్పుతో పదిలక్షల క్రొత్తకారు తెచ్చుటయా యను విషయమున మన గృహస్థులు తగినంత లెక్క వేయుట లేదు.

ఆ లెక్కను మేమే వేసి చూపెదము. నూటికి తొమ్మిది వడ్డీ యనుకొందము. ఎనిమిది లక్షలను ఏడేండ్లలో తీర్చుటకు నెలకు 12,871 రూపాయల వాయిదా కట్టవలెను. మొత్తము 10 లక్షల 81 వేలు. అనగా వడ్డీయే 2 లక్షల 81 వేలు. ఏడేండ్లపాటు ఏటేట నలువదివేల రూపాయలు పాతకారు మరమ్మతులకు వెచ్చించినను ఇంతియే యగును! అయిదేండ్లలో తీర్చినచో వడ్డీ 1 లక్ష 96 వేలకు దిగును గాని నెలవాయిదా 16,607 రూపాయల కెక్కును. ఇక కారు విలువయో, దినదినము తరుగునదే. బీమావారి పట్టిక ననుసరించి అయిదవయేట దాని విలువ సగమునకు పడిపోవును. ఏడేండ్ల యప్పులో మాత్రము అయిదేండ్లు నిండిన నాటికి ఇంకను 2 లక్షల 80 వేలకు పైగా నిలిచియుండును. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. మేలే. కాని తగ్గిన ధరకు అప్పుతో గొన్నవానికి ఆ మేలును వడ్డీయే మ్రింగివేయును.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. నెలవాయిదా యనునది నెలజీతగానికై పుట్టిన యేర్పాటు. భూమికి నెలజీతము లేదు. వానకాలపు వరి కార్తిక మార్గశిరములందును, యాసంగి పల్లికాయ మాఘ ఫాల్గునములందును చేతికి వచ్చును. గద్వాల విత్తనపత్తి సొమ్ము మొలకపరీక్షలు ముగిసినగాని రాదు. జ్యేష్ఠము మొదలు ఆశ్వయుజము వఱకు రైతు చేతినుండి సొమ్ము పోవుటయే గాని వచ్చుట లేదు. వాయిదా మాత్రము ఆషాఢమందును అడుగును, శ్రావణమందును అడుగును. అప్పుడు రైతు అడితిదారు నొద్ద చేబదులు తెచ్చి బ్యాంకు వాయిదా కట్టును. పంట రాకముందే దాని ధర అడితిదారు చేతిలోనికి పోవును. నిజాము పాలనలో తెలంగాణ రైతును పీల్చిన నాగు, అనగా గింజలపై గింజల వడ్డీ, ఎంత క్రూరమైనదో పెద్దల నడిగిన తెలియును. అంతటి క్రూరమైన నాగు సయితము కోతకాలము వఱకు ఆగెడిది. నెలవాయిదాకు కోతయు నాటును ఒక్కటియే.

ప్రతిపక్షము వారి వాదము నిరాకరింపదగినది గాదు. నెలనెల జీతము వచ్చు ఉపాధ్యాయునకు, ఉద్యోగికి వాయిదా భారము గాకపోవచ్చును. అద్దెకు త్రిప్పి కారుచేతనే వాయిదా సంపాదింపగలవానికిని అప్పు తగును. రక్షణవిషయమునను క్రొత్తకారు మేలు. 44వ జాతీయరహదారిపై పయనించువారు దీనిని తేలికగా తీసికొనరాదు. అందుచేత పాతకారు కొనదలచువారు 2022 నాటినుండి తయారైనదానిని వెదకుట మంచిది. వానిలో ముందుకూర్చున్న యిరువురికిని గాలిసంచులు చట్టప్రకారము ఉండవలసినవే.

పాతకారు కొనుటయందు జాగ్రత్త లేనిచో సొంతమన్న మాట సున్న. నమ్మకమైన మెకానిక్కుచే ఇంజను చూపింపవలెను. ఆర్.సి.పై ఏ బ్యాంకు హక్కైన నున్నచో, 35వ ఫారముతో దానిని కొట్టివేయించినగాని పైకము ముట్టజెప్పరాదు. 29, 30 ఫారములతో యాజమాన్యమును, 14 దినములలోగా బీమాను తన పేర మార్పించుకొనవలెను. అమ్మువారికి నొక హెచ్చరిక: కారు చేతులు మారినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే ప్రమాదపరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అప్పు తప్పనివారు ఒక్కటి యడుగవలెను. ట్రాక్టరు ఋణములకు ఆరునెలల వాయిదాలున్న సంగతి రైతు లెఱిగినదే. కారు ఋణమునకును పంటననుసరించి వాయిదాలు నిర్ణయింపుడని బ్యాంకు నడుగుట భిక్ష గాదు, న్యాయము. వారు కాదన్నచో, ఆ యప్పు తనకు కుట్టిన చొక్కా కాదని రైతు గ్రహింపవలెను.

పెండ్లివారి వాకిట పాతకారు నిలిపిన పరువు పోవునని కొందరి భయము. వనపర్తి రాజప్రాసాదమున నేడు పాలిటెక్నిక్ నడచుచున్నది. రాజుల వైభవము పోయినను ఆ భవనము బిడ్డలకు పనివిద్య నేర్పుచు నేటికిని గౌరవము పొందుచున్నది. వస్తువునకు పరువు ఉపయోగమువలన వచ్చును. కారు తళుకు రెండు వానకాలములలో మాయును. తాకట్టు లేని భూమి, బాకీ లేని మాట తరతరములు నిలుచును. క్రొత్తకారు తాళపుచెవి అందుకొనుటకు ముందు మన గృహస్థులు ఒక్కరాత్రి కాగితము ముందుంచుకొని, శ్రావణమాసపు వాయిదా ఎచ్చటినుండి వచ్చునో వ్రాసికొందురు గాక. వ్రాయుటకు జవాబు దొరకనిచో పాతకారే వారికి మేలు.