కంప్యూటరు శిల్పమున వంపురేఖ

వినాయకుని తొండము మలచు శిల్పి మట్టిని రెండుచేతులతో సాగదీసి, ఒకచోట నొక్కి, మరియొకచోట లేపి, ఆ వంపును సాధించును. అదే తొండమును కంప్యూటరు తెరపై మలచువారు పెక్కుసారులు ముద్దతో గాక ఒక గీతతో పని ఆరంభింతురు. ఆ గీత తొండమునకు వెన్నెముక. దానిచుట్టును గొట్టమువలె ఒక ఉపరితలము ఏర్పడును. గీత వంగిన గొట్టమును వంగును. ఇట్టి గీతను చెప్పుచేతలలో ఉంచుకొనుట యెట్లో కొంత విచారింతము.

పూర్వము ఓడలు కట్టువారు పలుచని కొయ్యబద్దను సీసపు దిమ్మెలతో అక్కడక్కడ అదిమిపట్టి వంపులు గీచుకొనెడివారు. ఆ బద్దకే స్ప్లైన్ అని పేరు. 1959లో ఫ్రాన్సు దేశమున సిత్రోయెన్ మోటారుకార్ల సంస్థలో పనిచేయుచుండిన పాల్ ద కాస్తల్జో అను గణితవేత్త, బద్దతో పనిలేక లెక్కతోనే వంపు గీయు పద్ధతిని కనిపెట్టెను. సంస్థ దానిని రహస్యముగా నుంచినది. తరువాతి దశకమున రెనో సంస్థ ఇంజనీరు పియెర్ బెజియే అట్టి రేఖలనే స్వతంత్రముగా రూపొందించి ప్రకటించుటచే, వానికి బెజియే రేఖలన్న పేరు స్థిరపడినది. అయినను ఆ లెక్క చేయు విధానమునకు నేటికిని కాస్తల్జో పేరే కలదు. అంతమాత్రము న్యాయము జరిగినది.

ఆ లెక్కను మనము కాగితముపై చేసి చూడవచ్చును. నాలుగు చుక్కలు పెట్టుడు. మొదటిది గీత పుట్టుచోటు, నాలుగవది ముగియుచోటు. వరుసగా కలిపిన మూడు సరళరేఖలు వచ్చును. ఒక్కొక్కదాని నడుమ గుర్తు పెట్టి, ఆ మూడు గుర్తులను కలిపిన రెండు రేఖలు. వాని నడిమి గుర్తులను కలిపిన ఒకే రేఖ. దాని నడిమి గుర్తు మన వంపురేఖపై నుండును. సగమునకు బదులు పావువంతు, ముప్పాతిక, ఇట్లు తీసికొనుచు పోయిన తక్కిన బిందువులును దొరకును. లోపలి రెండు చుక్కలను గీత సాధారణముగా తాకదు. మెలికల ముగ్గు చుక్కలను తాకక వానిచుట్టు తిరుగును గదా! (ఆ పోలిక ఇంతవరకే. ముగ్గులో చుక్క ఊరకుండును; ఇందు చుక్కయే గీతను లాగును.) ఎంత లాగును? సరిగా నడిమి బిందువుపై కొనచుక్కలకు ఎనిమిదింట ఒక్కొక్క వంతు, లోపలి చుక్కలకు ఎనిమిదింట మూడేసి వంతులు పలుకుబడి. కావున లోపలి చుక్క నొకదానిని 8 అంగుళములు జరిపిన, అచ్చట గీత 3 అంగుళములే జరుగును. శిల్పి చేతికి కావలసినది ఈ మెత్తదనమే.

బ్లెండర్ అను సాఫ్ట్‌వేరులో ఈ లోపలి చుక్కలను హ్యాండిల్సు అందురు, మనము పిడులందము. ఒక బిందువునకు ఇరువైపుల గల పిడులు ఒకే సరళరేఖలో నున్నంతవరకు గీత అచ్చట నునుపుగా సాగును. వానిని విడదీసిన మూల ఏర్పడును. తొండమునకు మొదటిది తగును, కిరీటపు అంచునకు రెండవది.

వంపు నచ్చని చోటెల్ల మరియొక బిందువు చేర్చుట క్రొత్తగా నేర్చువారి అలవాటు. బిందువులు పెరిగినకొలది ఒకదానితో నొకటి పొసగక గీత గతుకులు పడును. తొండమునకు మూడు, నాలుగు చాలును. వంపు చెడినచో ముందుగా ఒక బిందువును తీసివేసి చూడవలెనని మా సలహా.

బిందువు బిందువునకు లావు వేరుగా నిర్ణయింపవచ్చును. మొదట బలముగా, కొనకు సన్నగా. అయితే గొట్టపు వ్యాసార్ధము వంపు వ్యాసార్ధమును మించెనా, లోపలివైపు ఉపరితలము తనలో తాను చొచ్చుకొని ముడుతపడును. చుట్టుకొన్న తొండపు కొనలో ఇది తరచు కనబడును. కుంచెతో ఎంత నునుపుచేసినను మూలము పోదు. గొట్టమును సన్నము చేయుటయో, వంపును విశాలము చేయుటయో జరుగవలెను.

జీబ్రష్ దారి వేరు. అందు కలముతో ఒక్క ఊపున గీత గీయుదుము, పిడులు లేవు. గీతను పట్టి లాగిన చుట్టుప్రక్కల భాగము వెంటవచ్చును. కుంచె పరిమాణమును మార్చి గీతను మరల తాకిన, గొట్టమంతయు క్రొత్త లావుతో తిరిగి ఏర్పడును. తెలిసి తాకిన సౌకర్యము. పరాకున తాకిన ప్రమాదము.

తొండముపై ముడుతలు చెక్కుటకు బ్లెండరులో గొట్టమును మెష్‌గా, అనగా చిన్న చిన్న పలకల వలగా, మార్చవలెను. మార్చిన పిదప పిడులుండవు. విగ్రహము కోరినవారు అప్పుడు వచ్చి తొండము ఎడమకు గాక కుడికి తిరుగవలెనందురు! గీత మిగిలియున్న నాలుగు బిందువులు జరిపిన సరిపోవును. లేనిచో చెక్కినదంతయు వృథా కావచ్చును. అందుచేత మార్చుటకు ముందు గీత నకలొకటి వేరుగా దాచి, తొండము ఏ వైపో వారిచేత ఖాయము చేయించుకొని, ఆపైననే ముడుతలకు పూనుకొనవలెను.