ఏ పాఠశాల మేలైనది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాఠశాలల నిర్వహణము చాలవరకు స్థానికుల చేతిలో నుండును. ఒక పట్టణమును, చుట్టుపట్ల పల్లెలను కలిపి యొక పాఠశాలా మండలముగా నేర్పరచుదురు. ఇట్టివి ఆ దేశమున సుమారు 13,000 కలవు. చిన్న మండలములలో తరచుగా ఒకే యున్నత పాఠశాల యుండును. 2002లో అమలునకు వచ్చిన చట్టము ప్రతి పాఠశాల ఫలితములను ప్రజలకు వెల్లడింపవలెనని శాసించెను. 2015లో దాని స్థానమున వేరొక చట్టము వచ్చినను ఆ నియమము నిలిచినది. ఫలితములు తెలియగనే ప్రజలు పాఠశాలలను పోల్చి చూతురు. అది తప్పు కాదు; కాని పోల్చుట కొక పద్ధతి కలదు.

మొదట విద్యార్థుల సంఖ్యను గమనింపవలెను. ఒక పాఠశాలలో 20 మంది, మరియొకదానిలో 200 మంది పరీక్ష వ్రాసిరనుకొందము. ఒక్క బాలుడు తప్పినచో మొదటిదాని ఉత్తీర్ణత నూటికి 5 తగ్గును. రెండవదానిది అర మాత్రమే తగ్గును. అందుచేత బోధనలో మార్పేమియు లేకున్నను, చిన్న పాఠశాల ఒక యేడు ముందుండి మరుసటి యేడు వెనుకబడవచ్చును. కావున కొన్ని సంవత్సరముల ఫలితములను కలిపి చూడవలెను.

రెండవది, విద్యార్థులు ఏ స్థితిలో చేరిరను విషయము. 1966లో జేమ్స్ కోల్మన్ అను సాంఘిక శాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి, సుమారు 4,000 పాఠశాలలను పరిశీలించి, యొక నివేదికను వెలువరించెను. చదువులోని హెచ్చుతగ్గులకు పాఠశాల వసతులకంటె ఇంటి పరిస్థితులే ఎక్కువ కారణమని అది తెల్పెను. 80 మార్కులతో చేరి 82 పొందిన బాలునికంటె, 40తో చేరి 60 పొందిన బాలునికి పాఠశాల చేసిన మేలు అధికము కావచ్చును. టెన్నెసీ రాష్ట్రము 1992లో చట్టము చేసి, విద్యార్థి యేటేట సాధించిన ప్రగతిని కొలుచు పద్ధతిని ప్రవేశపెట్టెను.

మూడవది, నడుమ బడి మానినవారి మాట. చదువులో వెనుకబడినవారు పరీక్షకు ముందే మానివేసినచో, మిగిలినవారి ఉత్తీర్ణతా శాతము పెరుగును! ఈ లోపమును తొలగించుటకు 2008లో అమెరికా ప్రభుత్వమొక నియమము చేసెను. తొమ్మిదవ తరగతిలో చేరినవారిలో ఎందరు నాలుగేండ్లలో చదువు ముగించిరో లెక్కింపవలెను. వేరు పాఠశాలకు మారినవారిని లెక్కనుండి తీసివేయవచ్చును. బడి మానినవారిని తీసివేయరాదు.

మన పదవ తరగతి ఫలితములకును ఈ ప్రశ్నలే వర్తించును. ఎందరు వ్రాసిరి? ఎట్టి స్థితినుండి వచ్చిరి? ఎందరు నడుమ మానిరి? ఇవి విచారింపక శాతమును మాత్రమే చూచినచో, వెనుకబడినవారిని చేర్చుకొని శ్రమించు ఉపాధ్యాయులకు అన్యాయము జరుగును. బడి మానిన బాలుని గూర్చి యడుగువారే యుండరు.