కంప్యూటర్ చిత్రాలలో పారభాసక పదార్థాలు - ఒక పరిశీలన

రోలుగుంట నుండి మా కళాశాలకు వచ్చే విద్యార్థి యొకడు తీరిక వేళల్లో కంప్యూటర్ చిత్రకళ నేర్చుకుంటున్నాడు. ఎర్రని ప్లాస్టిక్ బుడ్డిలో దీపం వెలుగుతున్నట్లు ఒక చిత్రం తయారుచేసి, శిక్షణలో చేరగోరి ఒక సంస్థకు పంపాడు. "ఇది ప్లాస్టిక్ వలె లేదు, రంగు పూసిన సుద్దముక్క వలె ఉన్నది" అని వారు తిప్పి పంపారు. అతడు నా వద్దకు వచ్చి, "మాస్టారూ, తెలుగు మాధ్యమంలో చదివిన వాడిని, ఇవన్నీ నాకెలా బోధపడతాయండీ?" అన్నాడు. ఆ మాట నన్ను బాధించింది. లోపం భాషలో ఉన్నదా, పరిశీలనలో ఉన్నదా అని విచారించిన ఫలితమే ఈ వ్యాసం.

మన పాఠశాల పుస్తకాలు పదార్థాలను మూడు విధాలుగా విభజించాయి. ఆవలి వస్తువును స్పష్టంగా చూపేది పారదర్శకం. కాంతిని పోనివ్వనిది అపారదర్శకం. కాంతిని పోనిస్తూనే, ఆవలి వస్తువును స్పష్టంగా చూపనిది పారభాసకం. 'దర్శనం' అనగా చూచుట. 'భాసించుట' అనగా ప్రకాశించుట. పారభాసకం సగం కనిపించేది కాదు, లోపలి నుండి ప్రకాశించేది. మా విద్యార్థి చేసిన పొరపాటు ఇక్కడే ఉన్నది. అతడు బుడ్డిని సగం పారదర్శకంగా చేశాడు; వెలుగు చాలలేదని ఉపరితలమే స్వయంగా వెలుగుతున్నట్లు చేశాడు. అందువల్ల నీడలు మాసిపోయి, మందం తెలియక, బుడ్డి అంతటా ఒకే రంగు పరచుకొన్నది.

ఇక వాస్తవంగా జరిగేదేమో చూద్దాం. కాంతి ప్లాస్టిక్‌ను తాకగానే కొంత భాగం పైనుండే వెనుకకు మరలుతుంది. సాధారణ ప్లాస్టిక్‌ల వక్రీభవన గుణకం సుమారు 1.5. ఆ లెక్కన నిటారుగా పడిన కాంతిలో 4 శాతమే పరావర్తనం చెందుతుంది; ఏటవాలుగా పడే కొలది ఆ భాగం పెరుగుతుంది. ఈ మెరుపునకు ప్లాస్టిక్ రంగు అంటదు. ఎర్రని బిందె మీద ఎండ మెరుపు తెల్లగానే ఉంటుంది కదా!

మిగిలిన కాంతి లోపలికి పోతుంది. అక్కడ సూక్ష్మకణాలను తాకి, దిక్కులు మారుస్తూ తిరుగుతుంది. దీనిని పరిక్షేపణం అంటాము. దారిలో రంగు పదార్థం కొన్ని వర్ణాలను శోషించుకొంటుంది. ఒక మిల్లీమీటరు మందం ఒక వర్ణపు కాంతిలో సగాన్ని హరిస్తే, రెండవ మిల్లీమీటరు మిగిలిన దానిలో సగాన్ని హరిస్తుంది. మూడు దాటేసరికి ఎనిమిదవ వంతే మిగులుతుంది. అందుచేతనే పలుచని అంచు లేతగాను, మందమైన అడుగు గాఢంగాను కనిపిస్తాయి. చివరకు కాంతి తాను ప్రవేశించిన చోట గాక, మరొక చోట బయటపడుతుంది. చీకటిలో టార్చిలైటును అరచేతితో మూసి చూడండి. వేళ్ల అంచులు ఎర్రబారడం ఈ ధర్మం వల్లనే.

ఈ విషయాన్ని గణితంలో బంధించిన వారిలో అవిభక్త భారతదేశంలో జన్మించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ముఖ్యులు. వారు 1950లో వెలువరించిన 'రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్' గ్రంథం నక్షత్రాల వాతావరణంలో కాంతి ప్రయాణాన్ని గురించినది. ఆ గణితమే తరువాత కంప్యూటర్ చిత్రాలకు కూడ ఉపకరించింది. 2001లో హెన్రిక్ వాన్ జెన్సెన్, స్టీఫెన్ మార్ష్నర్, మార్క్ లెవోయ్, పాట్ హన్రహాన్‌లు పాలు, పాలరాయి వంటి పదార్థాలను త్వరగా చిత్రించే సులభ పద్ధతిని ప్రకటించారు. వారిలో జెన్సెన్, మార్ష్నర్, హన్రహాన్‌లకు 2004లో ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం లభించింది. నేడు కంప్యూటర్ల శక్తి పెరగడంతో, ఒక్కొక్క కిరణాన్ని పదార్థం లోపల యాదృచ్ఛికంగా నడిపించి లెక్కకట్టే పద్ధతి కూడ వాడుకలోనికి వచ్చింది.

మన తెలుగు నేలకు ఈ విద్య కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో మేకతోలును పలుచన చేసి, రంగులద్ది, వెనుక దీపముంచితే బొమ్మ ప్రాణం పోసుకొంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్క బొమ్మలు మనకు సమీపంలోనే తయారవుతున్నాయి. తరిణెపై తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఒత్తితే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. ఆ పలుచని పూతలోనికి కాంతి కొంత దూరి తిరిగి వస్తుంది కనుకనే ఆ నిగనిగకు లోతు కనిపిస్తుంది. కంప్యూటర్ సృష్టించిన ఈగను నాయకుని చేసి 2012లో విడుదలైన 'ఈగ' చిత్రానికి మకుట సంస్థ జాతీయ పురస్కారం పొందిన సంగతి కూడ యువకులు గుర్తుంచుకోవాలి.

మా విద్యార్థికి నేను చెప్పినవి నాలుగే మాటలు. బుడ్డికి లోపలి గోడ, వెలుపలి గోడ గీసి నిజమైన మందం ఇవ్వాలి. ఉపరితలాన్ని వెలిగించక, లోపల దీపం ఉంచాలి. కాంతి ఎంత లోతు పోవాలో ఒక్కొక్క వర్ణానికి వేరుగా నిర్ణయించాలి. ఎర్ర ప్లాస్టిక్‌లో ఎరుపు ఎక్కువ దూరం పోవాలి. వస్తువు కొలతలు నిజమైనవి కావాలి. పది సెంటీమీటర్ల బుడ్డిని పది మీటర్లుగా గీస్తే, మిల్లీమీటర్ల లోతు వరకే పోగల కాంతి దాని గోడను దాటలేదు. అది మళ్లీ సుద్దముక్కే అవుతుంది.

అతడు ఉచితంగా దొరికే బ్లెండర్‌తోనే ఆ బుడ్డిని మళ్లీ చిత్రించాడు. పై అంచు లేత ఎరుపుగా భాసించింది, అడుగు గాఢమైనది, మెరుపు తెల్లగా నిలిచింది. శిక్షణలో స్థానం ఇంకా దొరకలేదు. కాని తెలుగు మాధ్యమం అడ్డమన్న మాట మాత్రం అతడు మళ్లీ అనలేదు. 'పారభాసకం' అన్న మాట అతడు ఏనాడో పాఠశాలలో చదివినదే. విద్యార్థులారా! మీరు బడిలో వల్లెవేసిన మాటలను ఒకసారి ఎండలో పెట్టి చూడండి. వాటి లోపల ఎంత వెలుగు ఉన్నదో మీకే తెలుస్తుంది.