పదిటన్నుల మమకారం

ఆవిరి ఇంజన్లంటే ప్రాణం పెట్టేవాళ్లలోనూ పంక్తిభేదం ఉంది. ఇంగ్లండులో ఏ ఆవిరి జాతరకి వెళ్లినా ముందువరసలో కనిపించేవి షోమ్యాన్ ఇంజన్లు. ఒకప్పుడు ఊరూరి తిరునాళ్లకి రంగులరాట్నాల్ని లాక్కెళ్లి, అక్కడ డైనమో తిప్పి దీపాలు వెలిగించినవి అవి. మెలితిరిగిన ఇత్తడి స్తంభాలూ, బంగారు గీతలూ, ఒక్కొక్కటీ పెళ్లికొడుకే. వాటి వెనక బరువులు లాగిన రోడ్డు ఇంజన్లు. ఆ వెనక పొలం దున్నినవి, నూర్పిడి మిషన్లు తిప్పినవి. అన్నిటికన్నా చివర, కంచె పక్కన, మసితో నూనెతో రోడ్డు రోలరు.

నా ఓటు దానికే. ఉద్యోగమంతా రోడ్లు భవనాల శాఖలో చేసినవాణ్ణి, ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది. కానీ ఒక్క మాట ఆలోచించండి. మిగతా ఇంజన్లన్నీ రోడ్డును వాడుకున్నాయి. ఇది రోడ్డు వేసింది.

మా అమ్మాయి కాపురం ఇంగ్లండులో, కెంట్‌లోని రాచెస్టర్ దగ్గర. వెళ్లినప్పుడల్లా అల్లుడు కోటలూ చర్చిలూ తిప్పేవాడు. ఒక వేసవిలో మాత్రం "మావయ్యగారూ, ఈసారి మీ శాఖవాళ్ల దగ్గరికే తీసుకెళ్తాను రండి" అన్నాడు. పొలాల మధ్య జరిగే ఆవిరి జాతర అది. దారిలో మెడ్‌వే నది అవతలి గట్టున ఉన్న స్ట్రూడ్ చూపించాడు. రోలర్లలోకెల్లా పేరున్న ఏవెలింగ్ అండ్ పోర్టర్ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే. ఇప్పుడు చూడ్డానికేమీ లేదు, కారు ఆపలేదు.

థామస్ ఏవెలింగ్ మొదట్లో రైతు. ఆయన రోజుల్లో పొలం పనులకి ఆవిరి ఇంజన్లున్నా అవి వాటంతట అవి కదిలేవి కావు. ఈ పొలం నుంచి ఆ పొలానికి గుర్రాలు కట్టి లాగాలి. ఇంజన్ని గుర్రాలు లాగడమేమిటి, తెరచాప పడవలన్నీ కలిసి ఆవిరి ఓడని లాగినట్టుంది, యంత్రశాస్త్రానికే ఇది అవమానమని ఆయన మండిపడ్డాడు. 1859లో అలాంటి ఇంజనుకే పొడుగాటి గొలుసు బిగించి, వెనక చక్రాలు తిరిగేలా చేశాడు. 1862లో పోర్టర్ వచ్చి భాగస్వామి అయ్యాడు. 1860ల మధ్యకొచ్చేసరికి నడిచే ఇంజను కాస్తా రోలరైంది. చాథమ్ మిలిటరీ రోడ్డు మీదా, రాచెస్టర్‌లోని స్టార్ హిల్ మీదా, లండన్ హైడ్ పార్కులోనూ దాన్ని నడిపి చూశారు. కెంట్ ప్రాంతపు గుర్తు ముందుకాళ్లెత్తిన గుర్రం. ఆ గుర్రాన్నే ఇత్తడితో పోతపోసి రోలరు ముందుభాగాన తగిలించారు. గుర్రాల్ని వదిలించుకోడానికి పుట్టిన యంత్రానికి గుర్రమే ముద్ర కావడం నాకు సరదాగా ఉంటుంది.

ఇక్కడ ఇంగ్లీషువాళ్లు గొంతు తగ్గించి చెప్పే సంగతి ఒకటుంది. ఆవిరి రోలరు ఊహ ఏవెలింగ్‌ది కాదు. ఫ్రాన్సులో బోర్డోకి చెందిన లెమ్వాన్ అంతకుముందే ఆ దారి పట్టాడు. 1863లో కలకత్తా మునిసిపాలిటీ ఇంజనీరు విలియం క్లార్క్, బర్మింగ్‌హామ్‌కి చెందిన బాథో కలిసి కలకత్తా వీధుల కోసమని ఒక ఆవిరి రోలరు తయారుచేయించారు. అంటే ఈ యంత్రం చరిత్రలో మన దేశం మొదటి పేజీల్లోనే ఉంది.

రోలరుకి అంత అవసరం ఎందుకొచ్చిందంటే, మెకాడమ్ అనే ఇంజనీరు నేర్పిన కంకర రోడ్డు వల్ల. మెకాడమ్ రోజుల్లో ఆవిరి రోలరు లేదు. చిన్నరాళ్లు పరిచి వదిలేస్తే, వచ్చేపోయే బళ్లే తొక్కి తొక్కి గట్టిపరిచేవి. అందుకు నెలలు పట్టేది, బండెద్దుల గిట్టలు అరిగేవి. అదే పని రోలరు రోజుల్లో తేల్చేసింది. మన భాషలో మెటల్ రోడ్డంటే ఇదే. మెటల్ పరచడం, రోలరు తిప్పడం, పైన గ్రావెల్ చల్లి నీళ్లు కొట్టడం, మళ్లీ తిప్పడం. ఆ పై గ్రావెల్‌ని మేం బ్లైండేజ్ అనేవాళ్లం.

ఆ పనిలో చూపంతా క్యాంబర్ మీదే ఉండాలి. రోడ్డు నడుమ ఎత్తు, అంచులు పల్లం. రోలరు ఎప్పుడూ అంచు నుంచి మొదలుపెట్టి నడుముకి రావాలి. నడుమ నుంచి మొదలెడితే మెటల్ పక్కలకి జారిపోయి రోడ్డు బల్లపరుపవుతుంది, వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. దిమ్మిస బాగా పడిందో లేదో చూడ్డానికి మా పాత వర్క్ ఇన్‌స్పెక్టర్లకి మిషన్లేవీ అక్కర్లేదు. ఒక కంకరరాయి తీసి రోలరు ముందు వేసేవాళ్లు. రాయి రోడ్డులోకి దిగబడితే ఇంకా తిప్పాలి. పిండైపోతే పని అయినట్టు.

నేను చూసిన మొదటి ఆవిరి రోలరు మా ఊరి తాలూకా రోడ్డు మీదిది. చింతచెట్టు కింద గుడారం, పక్కన నీళ్లబండి, వంటకి మూడు రాళ్లు. డ్రైవరు సాయిబుగారు పొద్దున లేచేసరికే ఫైర్‌మన్ కుర్రాడు నిప్పు వేసి ఉండేవాడు. పిల్లలం బడి మానేసి మరీ దాని వెనక నడిచేవాళ్లం. నడవడానికి పెద్ద ఓపిక కూడా అక్కర్లేదు, మాకన్నా అదే మెల్లగా వెళ్లేది. విజిల్ వెయ్యమని మేం బతిమాలితే సాయిబుగారు "ఆవిరి ఊరకే వస్తదేంరా, మీ నాయన్ని బొగ్గులు తెమ్మను" అనేవాడు. వేసేవాడు మాత్రం.

ఇంగ్లండులోనూ ఈ బతుకు ఇలాగే ఉండేదట. రోలరు వెనక ఇనప చక్రాల మీద చిన్న గది బండి, దాని వెనక నీళ్లబండి. డ్రైవరు వారమంతా ఆ గదిలోనే పడుకుని, అక్కడే గుడ్లు వేయించుకుని తినేవాడు. డార్చెస్టర్‌లోని ఎడిసన్ కంపెనీ రోలర్లని అద్దెకిచ్చి బతికింది. దక్షిణ ఇంగ్లండులో ఆ పేరున్న రోలరు తెలియని ముసలివాళ్లు తక్కువ.

జాతరలో నాకు దొరికిన మనిషి రిటైరైన బస్సు మెకానిక్. ఆయన రోలరు పది టన్నులది, గుర్రం బొమ్మదే. నేను కూడా రోడ్ల మనిషినని అల్లుడు చెప్పగానే, పలకరింపులేమీ లేకుండా నూనెగుడ్డ నా చేతిలో పెట్టాడు.

నిప్పు వెయ్యడమే ఒక పూట పని. అడుగున నూనెలో తడిపిన గుడ్డ, దాని మీద చితుకులు, తర్వాత చెక్కముక్కలు, అవి బాగా అంటుకున్నాక కాస్త కాస్తగా బొగ్గు. చల్లటి బాయిలరు వేడెక్కి రోలరు కదలడానికి రెండు మూడు గంటలు కావాలి. ఆత్రపడి మంట ఎగదోస్తే ఇనుము ఒక పక్క సాగి ఒక పక్క సాగక ట్యూబుల మొదళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. ఆ రెండు మూడు గంటలూ ఆయన కూర్చోలేదు. ఎక్కడెక్కడ నూనె పొయ్యాలో అక్కడల్లా పోశాడు, ఇత్తడి తుడిచాడు, గాజుగొట్టంలో నీటిమట్టాన్ని పదేపదే చూశాడు.

ఆ గాజుగొట్టం సంగతి చెప్పి తీరాలి. బాయిలరులో నీళ్లు ఎంతవరకున్నాయో చూపేది అదే. పొయ్యి పైకప్పు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి. రోలరు దిగుడులో పడితే నీళ్లు ముందుకి జారి, వెనక ఉన్న ఆ పైకప్పు బయటపడే ప్రమాదం ఉంది. అప్పుడు రేకు కాలి మెత్తబడితే బాయిలరు పేలిపోతుంది. అందుకని ఆ కప్పులో సీసం నింపిన బిరడా ఒకటి పెడతారు. నీళ్లు తగ్గితే ముందు సీసం కరిగి, ఆవిరి మంట మీదికి దూకి నిప్పునార్పుతుంది. బిరడా కరిగించుకున్న డ్రైవరుకి తోటివాళ్లలో పరువుండదు.

మధ్యాహ్నం కాసేపు స్టీరింగు నాకిచ్చాడు. చక్రం తిప్పితే గేరు తిరిగి, గొలుసు ఒక పక్క చుట్టుకుని ఒక పక్క వదులై, ముందు రోలు మెల్లగా మొహం తిప్పుతుంది. ఆ గొలుసులో ఎప్పుడూ కొంత వదులుంటుంది. అందుకని ఎదురుగా ఏముందో చూసి కాదు, ఇంకాసేపట్లో ఏం రాబోతోందో చూసి చక్రం తిప్పాలి. ఆపాలన్నా బ్రేకు మీద పెద్దగా నమ్మకం పెట్టుకోరు, లివరు వెనక్కి మార్చి ఆవిరితోనే ఆపుతారు. పనిలో ఉండగా అసలు ఆపకూడదు. ఆగిన చోట రోలు బరువుకి గుంట పడుతుంది. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. ముందు రోలు ఒకే దిమ్మ కాదు, పక్కపక్కన రెండు ముక్కలు. లేకపోతే మలుపులో తిరగకుండా కంకరని గోకేస్తుంది.

బ్రిటన్ డ్రైవింగ్ లైసెన్సులో రోడ్డు రోలర్లకి 'జి' అని ఇప్పటికీ విడిగా ఒక తరగతి ఉంది. ఆయన తన కార్డు తీసి, ఆ అక్షరం మీద వేలు పెట్టి చూపించాడు. మనవడి ఫోటో చూపించినట్టే చూపించాడులెండి.

ఇన్ని రోలర్లు మిగలడానికి కారణం ఎవరి ప్రేమా కాదు. రోలరుకి వేగం అక్కర్లేదు, కాబట్టి పాతబడలేదు. ఆవిరి లారీలూ, పొలం ఇంజన్లూ పాతసామాను కొట్లకి చేరిపోయాక కూడా 1950లు దాటేదాకా కౌన్సిళ్లు రోలర్లని వాడుతూనే ఉన్నాయి. డీజిలు రోలరుకి మనిషి ఒక్కడు చాలు, పొద్దున్నే నిప్పు రాజెయ్యక్కర్లేదు. ఆ లెక్క ముందు ఆవిరి నిలవలేదు. అయితే అవి పని మానేసే వేళకి, కొనుక్కుని దాచుకునే పిచ్చివాళ్లు తయారై ఉన్నారు. 1950లో ఆపిల్‌ఫర్డ్ అనే పల్లెలో ఆర్థర్ నాపర్ అనే రైతు, ఒక పీపా బీరు పందెం కాసి, స్నేహితుడితో ఆవిరి ఇంజన్ల పరుగుపందెం పెట్టాడు. ఇప్పటి ఆవిరి జాతరలన్నీ అక్కణ్ణుంచే లెక్కపెట్టుకుంటారు. నార్ఫోక్‌లో జార్జ్ కషింగ్ స్వయంగా రోలరు తోలినవాడు. తుక్కు కింద పోతున్న ఇంజన్లని ఒక్కొక్కటే కొని పోగేశాడు. థర్స్‌ఫర్డ్‌లో అవి ఈనాటికీ ఉన్నాయి.

మొదట చెప్పిన పంక్తిభేదం ఇక్కడే దెబ్బ తీసింది. రోలర్లు చవగ్గా దొరుకుతున్నాయి, షోమ్యాన్ ఇంజన్లు దొరకవు. దాంతో చాలామంది రోలరు కొని, ముందు రోలు పీకేసి, మామూలు చక్రాలు బిగించి, పైకప్పు మార్చి ఇత్తడి స్తంభాలు తగిలించారు. ఇంజను అదే, వేషం వేరు. అలా ఎన్నో రోలర్లు రోలర్లు కాకుండా పోయాయి. దీనికి అడ్డుకట్ట వెయ్యాలనుకున్నవాళ్లకి 1974లో రోడ్ రోలర్ అసోసియేషన్ అనే వేదిక దొరికింది. ఈ గొడవ నేను వెళ్లిన జాతరలో కూడా టీ కప్పుల మీదుగా నడిచింది. మా బస్సు మెకానిక్ ఒక మెరిసే ఇంజన్ని దూరం నుంచి చూపించి, "అది రోలరే, సిగ్గుపడుతోంది" అన్నాడు.

రోలరుకి గౌరవం తెచ్చినవాళ్లలో అందరికీ తెలిసిన పేరు ఫ్రెడ్ డిబ్నా. బోల్టన్ ఊరివాడు. ఎత్తయిన ఫ్యాక్టరీ చిమ్నీలెక్కి బాగుచెయ్యడం, కూల్చడం ఆయన వృత్తి. బీబీసీ తీసిన డాక్యుమెంటరీతో దేశమంతా తెలిశాడు. 1910 నాటి ఏవెలింగ్ రోలరొకటి కొని, ఏళ్ల తరబడి ఇంటి వెనక పెరట్లో రివెట్లు కొట్టి బాగుచేసుకున్నాడు. 2004లో పోయినప్పుడు ఆయన శవపేటికని లాక్కెళ్లింది కూడా ఆయన చేత్తో బాగుచేసుకున్న ఆవిరి ఇంజనే.

ఇప్పుడు ఈ ఇంజన్లు దాచుకున్నవాళ్లకొచ్చిన కష్టం బొగ్గు. పొగ తక్కువ, వేడి ఎక్కువ ఉండే వేల్స్ బొగ్గుకి అలవాటుపడ్డ బాయిలర్లివి. మెర్తిర్ టిడ్‌ఫిల్ దగ్గరి పెద్ద గని 2023లో మూతపడింది. ఇక దిగుమతి బొగ్గో, ఫ్యాక్టరీలో చేసిన ఉండలో వాడాలి. ఏటేటా బాయిలరు పరీక్షలు, బీమా సరేసరి. ఇదంతా చేసేది ఎక్కువగా అరవై దాటినవాళ్లే.

మన దగ్గర కథ వేరు. టాటాల టెల్కో 1945లో పుట్టి, 1948లో ఇంగ్లండులోని మార్షల్ కంపెనీతో కలిసి ఆవిరి రోలర్లు తయారుచేసింది. లారీలు చెయ్యడం ఆ తర్వాతి మాట. ఆ రోలర్లలో ఎక్కువ భాగం వేలంలో తుక్కు కింద పోయింది. అక్కడక్కడా ఒకటి ఆఫీసు ముందు దిమ్మె మీద మిగిలింది. అలాంటిదొకటి నాకు తెలుసు. ఏటా పంద్రాగస్టుకి వెండి రంగు పూస్తారు. చక్రం, చిమ్నీ, గొలుసు, పేరుపలక అన్నిటికీ ఒకే వెండి రంగు. పూతమీద పూత పడి ఆ పలక మీద అక్షరాలు పూడిపోయాయి, అది ఎవరు చేసిందో ఆఫీసులో ఎవరికీ తెలీదు.

మీ ఊళ్లో అలాంటిదుంటే ముందుభాగం చూడండి. గుర్రముంటే ఏవెలింగ్. త్రిశూలం పట్టుకు కూర్చున్న బ్రిటానియా ఉంటే మార్షల్. పలక మీద కంపెనీ పేరుతో పాటు నంబరుంటుంది, అదే దాని జాతకం. రంగు గీకడానికి ఉప్పుకాగితం వాడొద్దు, ఇత్తడి మీద గీతలు పడతాయి. కాస్త పెయింట్ రిమూవరు, పాత టూత్‌బ్రష్షు చాలు. నంబరు కనబడగానే ఫోటో తీసేసుకోండి. పంద్రాగస్టు వచ్చిందంటే మళ్లీ వెండి రంగే.